రాత ఆగిపోయినవారికి చెక్కభజన చెప్పే సంగతి

"కొన్ని నెలలుగా ఒక్క కవిత కూడా రాయలేకపోతున్నాను. రోజూ క్రమం తప్పకుండా సాధన చేస్తే ఈ స్తబ్ధత పోతుందా, లేక ధ్యానం, పూజ వంటివి మేలు చేస్తాయా?" అని మీరు అడిగారు. పోతుంది. ఈ విషయంలో నాకు రవ్వంత సందేహం కూడా లేదు. అయితే మీరు సాధనను ఒకవైపు, భక్తిని మరొకవైపు పెట్టి, ఏది ఎంచుకోవాలని అడుగుతున్నారు. నా అనుభవంలో ఒకటి లేకుండా రెండోది పట్టుమని పది రోజులు నిలవలేదు.

నేను కందుకూరు ప్రాంతంలోని ఒక పల్లెటూరివాణ్ణి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. పద్యాలు రాస్తాను. అవధానిని కాను, పుస్తకం వెనుక అట్ట మీద ఫోటో వేయించుకునేంత కవినీ కాను. కానీ రాత ఆగిపోవడం అంటే ఏమిటో, అది మళ్లీ ఎలా కదులుతుందో నాకు తెలుసు. ఈ రెండో సంగతి పేరున్న కవులు సాధారణంగా చెప్పరు. తమకు ఏనాడూ కలం ఆగలేదన్నట్టే సభల్లో మాట్లాడతారు.

నేను ఇంకా ఉద్యోగంలో ఉన్న కాలంలో మా ఊరి రామాలయాన్ని కొత్తగా కట్టారు. ప్రతిష్ఠ నాటికి అచ్చువేసే చిన్న పుస్తకం కోసం స్వామి మీద కొన్ని పద్యాలు రాసివ్వమని ఆలయ పెద్దలు నన్ను అడిగారు. ఊళ్లో తెలుగు చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అది గౌరవమూ, తప్పించుకోవడానికి వీలులేని బరువూ కూడా అయింది. రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, తెల్లకాగితాలు ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. సీసపద్యం మొదటి పాదం వచ్చేది. రెండో పాదం ఎత్తుకునేలోపల మొదటిదాన్ని మళ్లీ చదివి, ఇలాంటి మాట పోతన వేస్తాడా అని నన్ను నేనే ప్రశ్నించుకుని, కొట్టివేసేవాణ్ణి. పోతన వేయడని వేరే చెప్పాలా? గణాలు తెలుసు, యతిస్థానాలు తెలుసు, ఏళ్ల తరబడి పిల్లల చేత గురులఘువులు గుర్తింపజేసిన అలవాటు ఉంది. అయినా నాలుగు పాదాలు ఒకచోట నిలబడేవి కావు. ఆలయ పెద్దలు ఎదురైతే వేరే సందులోకి తిరిగిపోయేంతవరకు వచ్చింది.

దీన్ని చాలామంది భావాల కరువు అనుకుంటారు. భావాలకు కరువు ఎవరికీ రాదు. రాసేవాడూ, తప్పులు పట్టేవాడూ ఒకే వేళ వచ్చి ఒకే కుర్చీలో కూర్చోవడమే అసలు చిక్కు. ఇది నేను కనిపెట్టింది కాదు. సుమారు వెయ్యేళ్ల కిందటి సంస్కృత కవి రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో కవి దినచర్యను జాములవారీగా విభజించి పెట్టాడు. తెల్లవారి లేచి, సంధ్య వార్చి, సారస్వత సూక్తం చదువుకుని, మొదటి జాము విద్యలనూ కావ్యాలనూ చదవడానికి కేటాయించాలి. రెండో జాము రచనకు. భోజనమైన తరువాత మూడో జాము కావ్యగోష్ఠికి. నాలుగో జాము పొద్దున రాసినదాన్ని పరీక్షించుకోవడానికి. రసావేశంలో రాస్తున్నవాడికి మంచిచెడ్డలు విడదీసే చూపు ఉండదు కాబట్టి పరీక్ష తరువాతనే జరగాలని కారణం కూడా చెప్పాడు. ఈ ఏర్పాటులో దైవం మొట్టమొదట ఉందనీ, తప్పులు పట్టడం అన్నిటికన్నా చివర ఉందనీ గమనించండి. మనం సరిగ్గా దీన్ని తిరగేసి, ఒక్క అక్షరం రాయకముందే ఎవరేమంటారోనన్న పరీక్షతో మొదలుపెడుతున్నాం.

అయితే ఇది నాకు పుస్తకం చదివి ఒంటబట్టలేదు. ఒంటబట్టించినవాడు మా ఊరి చెక్కభజన గురువు. ఆయన రెండెకరాల రైతు. సంతకం చేయడం తప్ప రాత తెలియదు. ధనుర్మాసం నెల పొడవునా తెల్లవారుజామున నాలుగు గంటలకు బృందాన్ని లేపి, చెక్కలతో, తాళాలతో, డోలక్‌తో ఊరంతా తిప్పి రామాలయానికి చేర్చడం ఆయన పెట్టుకున్న నియమం. ప్రతిష్ఠ జరగవలసిన ఏడు ధనుర్మాసం ముందు ఆయన మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అయ్యోరా, ఉన్న పాటలే పాడతా ఉంటే కుర్రోళ్లు నిద్దరపోతా అడుగేస్తుండారు. రోజుకో కొత్త చరణం రాసియ్యండి సామీ. నాలుగుకల్లా గుడికాడికి రావాల" అన్నాడు.

నాకు ఈ మధ్య రాత సాగడం లేదనీ, రాసినదేదీ బాగుండడం లేదనీ చెప్పాను.

"బాగుండాల్సిన పన్లేదయ్యోరా. కాలికి కుదిరితే చాలు" అన్నాడు.

ఇన్నేళ్లలో సాహిత్యం గురించి నేను విన్న మాటల్లో ఇంత పనికొచ్చిన మాట మరొకటి లేదు. చెక్కభజనలో చేతిలోని చెక్కలు తాళం వేస్తుండగా, వలయంగా తిరుగుతూ, పాట నడకకు తగినట్టు అడుగు వేయాలి. పాటలో మాత్ర, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలపు కొలత, పెరిగితే అడుగు తప్పుతుంది. వరసలో ఒకడు అడుగు తప్పితే వెనకవాడు అతని మడమ తొక్కుతాడు. ఇక్కడ పద్యం బాగుందా, భావం కొత్తదా, ఎవరి ప్రభావం ఉంది అన్న విచారణకు తావు లేదు. నాలుగు గంటలకు పదిహేనుమంది మనుషులు చలిలో నిలబడి మీ చరణం కోసం చూస్తుంటారు, అంతే.

ఆ నెలలో ఒక తెల్లవారుజాము నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. చేయి చాచితే చేయి కనిపించనంత మంచు. తొలి కోత పొగాకు బ్యారన్లలోకి, అంటే మంట వేడితో ఆకును ఆరబెట్టే గదుల్లోకి, ఎక్కింది. ఊరి చివర గాలంతా ఆకు మగ్గే వాసన. రాత్రంతా మంట చూసుకుంటూ మేలుకుని ఉన్నవాళ్లు దుప్పట్లు కప్పుకుని, చెక్కల చప్పుడు విని దారి పక్కకు వచ్చి నిలబడ్డారు. నేను రాసుకొచ్చిన చరణాన్ని గురువుకు వినిపించాను, ఆయన ఒక్కసారి విని ఎత్తుకున్నాడు. "మేలుకో మా వూరి రామా" అన్న భాగం సాఫీగా సాగింది. "మంచుతెరలు తొలగించే వేళ" అనేసరికి వలయంలో మూడో కుర్రవాడు తూలాడు, వాడి వెనకవాడు వాడి మీద పడ్డాడు. గురువు చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"ఈడ కాలు తడబడతా ఉంది అయ్యోరా. ఏదో బరువెక్కువైంది" అన్నాడు.

వేళ్ల మీద లెక్క వేశాను. మూడు, నాలుగు, మూడు, నాలుగుగా నడవవలసిన చోట సరిగ్గా రెండు మాత్రలు మిగిలాయి. అక్షరం ముక్క రానివాడు పాదంతో పట్టుకున్నాడు. ఏం చేద్దామని నేను ఆలోచిస్తుండగానే ఆయనే అన్నాడు: "తొలగించేదెందుకు సామీ? నాటకంలో తెర తీస్తారు గదా. తీసెయ్యండి." అంతే, "మంచు తెర తీసేటి వేళ" అయింది. మళ్లీ ఎత్తుకున్నారు. అడుగు కుదిరింది. బ్యారన్ దగ్గరి మనుషుల్లో ఒకాయన దుప్పటిలోంచి చేతులు బయటికి తీసి తాళం వేశాడు. ఎవరూ నన్ను భేష్ అనలేదు, ఎవరూ తప్పు పట్టలేదు. పాట పక్క వీధిలోకి వెళ్లిపోయింది. మరునాటి చరణం మరునాడు కావాలి.

ఆ రోజుల్లోనే, భజన ముగిసి, ప్రసాదం పొంగలి దోసిట్లో పెట్టించుకుని ఇంటికి వచ్చి, బడికి బయలుదేరేలోపల ఉన్న కాస్త సమయంలో ఆలయ పుస్తకానికి కావలసిన పద్యాలు రాయడం మొదలుపెట్టాను. వచ్చాయి. సాయంత్రం తప్ప వాటిని మళ్లీ చూడలేదు. పుస్తకం వేళకు అచ్చయింది. అందులో ఒక కందపద్యాన్ని ఆలయం గోడ మీద కూడా రాయించారు. రాసిన పెయింటరు అరసున్నా వదిలేసి, లేని చోట ఒక ఒత్తు చేర్చాడు. వెళ్లినప్పుడల్లా దాన్ని చూసి కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటాను. భక్తి అనుకుంటారు అందరూ.

ఇక ఆధ్యాత్మికత ఇందులో ఎక్కడుంది అని మీరు అడగవచ్చు. దేవుడు వచ్చి నా చెవిలో పద్యం చెప్పాడని నేను అనను. నేను చెప్పేది, వినేవాడు మారితే చెప్పేవాడు మారతాడని మాత్రమే. సాయంత్రాలు నేను సాహిత్య పాఠకుల కోసం రాశాను, వాళ్లు నన్ను భయపెట్టారు. తెల్లవారుజామున రాముడి కోసం రాశాను, ఆయన భయపెట్టలేదు. మా ప్రాంతపు మహాకవి దగ్గరే ఇది కనిపిస్తుంది. నెల్లూరులో మనుమసిద్ధికి మంత్రిగా ఉన్న తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని ఆ రాజుకే అంకితమిచ్చాడు. భారతం విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాయడానికి పూనుకున్నప్పుడు మాత్రం రాజును పక్కన పెట్టి, శివుడూ విష్ణువూ ఒకటైన హరిహరనాథుడికి అంకితం చేశాడు. తండ్రి కొమ్మన కలలో కనిపించి స్వామి ఆజ్ఞ తెలిపాడని అవతారికలో చెప్పుకున్నాడు. పండితులు దీనికి శైవవైష్ణవ సామరస్యమనీ మరొకటనీ కారణాలు చెబుతారు, అవీ ఉండవచ్చు. నా నమ్మకం మాత్రం వేరు: పదిహేను పర్వాల దూరం నడవడానికి తిక్కనంతటివాడికి కూడా ఒక రాజు మెప్పు సరిపోలేదు.

మా గుడ్లూరువాడని మేమందరం చెప్పుకునే ఎర్రన సంగతి ఇంకా విచిత్రం. నన్నయ అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రులను వర్ణిస్తూ ఆగిపోయాడు. తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వానికి వెళ్లాడు. దాన్ని పూర్తిచేయబోతే కీడు జరుగుతుందన్న భయం వల్లనేనని లోకం చెప్పుకుంటుంది. రాతకు పడ్డ అడ్డంకుల్లో ఇంత పెద్దది, ఇంత కాలం నిలిచింది తెలుగులో మరొకటి లేదు. నన్నయ తరువాత సుమారు మూడు వందల ఏళ్లకు ఎర్రన ఏం చేశాడు? ఆ శరద్రాత్రి తరువాతి సూర్యోదయంతో ఎత్తుకున్నాడు. తన పేరు వెనక్కి పెట్టి, నన్నయే రాస్తున్నట్టుగా రాజరాజనరేంద్రుడి పేరనే పూర్తిచేశాడు. మీకు ఇందులో రెండు ఉపాయాలు ఉన్నాయి. మీ పేరును కాసేపు పక్కన పెట్టండి. రాత్రి పడుకునేముందు ఒక పాదమైనా అసంపూర్తిగా వదిలిపెట్టి, తెల్లవారి అక్కడినుంచే ఎత్తుకోండి; ఖాళీ కాగితం ముందు కూర్చునే దుస్థితి రాదు. నేను ఏనాడూ పద్యాన్ని రాత్రిపూట ముగించను.

రోజూ రాస్తే నాణ్యత పోతుందని భయపడేవారు తాళ్లపాకవారి రాగిరేకులను గుర్తు చేసుకోవాలి. అన్నమాచార్యులు పదహారో ఏట మొదలుపెట్టి, 1503లో పరమపదించేవరకు రోజుకొక్కటికి తక్కువ కాకుండా సంకీర్తనలు చెప్పారని అంటారు. మొత్తం 32,000 అని ప్రతీతి. దొరికినవి అందులో సగానికి లోపే. దొరికినవాటిలో మనం పాడుకునేవి ఎన్ని? ఎక్కువ భాగం ఆ రోజుకు ఆ రోజు స్వామికి సమర్పించి, మరునాటికి మరొకటి మొదలుపెట్టిన కీర్తనలే. ఆ మామూలు రోజులు లేకపోతే మనం పాడుకునే ఆ గొప్ప రోజులు వచ్చి ఉండేవి కావని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక్కడ ఒక మాట అనక తప్పదు. ఈమధ్య రాత ఆగిపోవడానికి వాట్సాప్ కవి సమ్మేళనాలు ఒక ముఖ్య కారణం. పొద్దున్నే ఒక బొమ్మ పంపి, సాయంత్రంలోగా కవిత పంపమంటారు. పంపినవారందరికీ రాత్రికి రంగురంగుల ప్రశంసాపత్రం వస్తుంది. పేరులో తప్పులుంటాయి, సంతకం మాత్రం ఘనంగా ఉంటుంది. ఇదీ రోజూ రాయడమే కదా అంటారు కొందరు. కాదు. ప్రశంసాపత్రం రాని రోజున వీళ్ల కలం కదలదు. నెల రోజుల ఛాలెంజ్ అని మొదలుపెట్టి, ముప్పై ఒకటో రోజున మానేసేవాళ్లదీ అదే కథ. ఇక సృజనశక్తిని మేల్కొలుపుతామంటూ డబ్బు తీసుకుని ఫోనులో ధ్యానం నేర్పేవాళ్ల గురించి నేను ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె ఉన్నాయి. కవిత్వం రొట్టె అడిగినవాళ్లు ఇంతవరకు నాకు తారసపడలేదు. అయినా ఆ పండుగలో నాకు నచ్చే సంగతి ఒకటుంది: కోరిక తీరినవాడు మరుసటి ఏడు అదే రొట్టె తెచ్చి మరొకరికి ఇవ్వాలి. తీసుకుని వెళ్లిపోవడం కుదరదు.

సాధన ఎలా ఉండాలన్నదానికి యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన మూడు షరతులే చాలు: దీర్ఘకాలం చేయాలి, మధ్యలో తెంపు ఉండకూడదు, ఆదరంతో చేయాలి. మూడోది మనవాళ్లు మరచిపోతారు. స్నానం చేసి, ఫోను వేరే గదిలో పెట్టి, దీపం వెలిగించి, రోజూ ఒకే చోట కూర్చోవడం ఆదరం. టీవీ ముందు పడుకుని రాసుకోవడం ఆదరం కాదు. వేళను కూడా చిన్నదిగా, కచ్చితంగా పెట్టుకోండి. మా మాలకొండ నరసింహస్వామి మనుషులకు శనివారం ఒక్కరోజే దర్శనమిస్తాడు. మిగిలిన ఆరు రోజులూ దేవతలకూ మునులకూ అని చెబుతారు. రోజంతా రాయడానికి ఖాళీగా ఉన్నవాడికన్నా, అరగంటే దొరికేవాడు ఎక్కువ రాస్తాడని ఆ కొండ మీద శనివారం జనాన్ని చూస్తే అర్థమవుతుంది. మీకు పద్యం రాకపోతే వచన కవిత రాయండి, కానీ చివరి పాదం ఒకటి ముందే స్థిరంగా పెట్టుకోండి. మన శతకాల మకుటం చేసే పని అదే. ఎక్కడికి చేరాలో తెలిసినవాడికి బయలుదేరడం కష్టం కాదు. నేను ఈ పద్ధతిలోనే మాలకొండ స్వామి మీద ఒక శతకం పూర్తిచేశాను, అచ్చువేయించే ఉద్దేశం లేదు.

రాయడానికి ఏమీ లేదనిపించిన రోజున పాత పద్యం ఒకటి దస్తూరీ కుదిరేలా ఎత్తిరాయండి. దండి అనే ఆలంకారికుడు, పూర్వజన్మ సంస్కారం వల్ల వచ్చే ప్రతిభ లేకపోయినా, చదువుతోనూ ప్రయత్నంతోనూ సేవిస్తే వాగ్దేవి ఏదో ఒక అనుగ్రహం తప్పక చేస్తుందని అన్నాడు. ఏదో ఒక అనుగ్రహం అన్నాడే గాని మహాకావ్యం అనలేదు. ఆయన ఎంత నిజాయితీపరుడో చూడండి.

ఒక్క హెచ్చరిక. మీరు నెలల తరబడి అన్నారు. దానితోపాటు నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఇష్టమైనవేవీ ఇష్టంగా అనిపించకపోవడం ఉంటే ముందు డాక్టరును కలవండి, తరువాత భజనకు వెళ్లండి. పతంజలి చెప్పిన తొమ్మిది అంతరాయాల జాబితా వ్యాధితోనే మొదలవుతుంది, సందేహమూ సోమరితనమూ ఆ తరువాతే వస్తాయి.

దైవం మీద నమ్మకం లేనివారికి ఇది పనిచేయదా అని కొందరు అడుగుతారు. నాతోపాటు పనిచేసిన సాంఘికశాస్త్రం మాస్టారు ఒకరున్నారు, కమ్యూనిస్టు కుటుంబంలో పుట్టినవాడు, వచన కవి. ఆయన కూడా రోజూ పేపరు రాకముందే కూర్చుని రాస్తాడు, కూలీ మనిషి ఒకడు ఎదురుగా కూర్చుని వింటున్నాడని ఊహించుకుంటాడు. నీకు రాత వచ్చింది రాముడి వల్ల కాదు, నాలుగు గంటల వల్ల అని నాతో ఎన్నోసార్లు వాదించాడు. నేను ఎదురు చెప్పను. కానీ ఆయన రాయడం మొదలుపెట్టేముందు నోటుపుస్తకాన్ని రెండు కళ్లకూ అద్దుకుంటాడు. ఎందుకని అడిగితే, చిన్నప్పుడు అమ్మ నేర్పిన అలవాటు, పోలేదు అంటాడు.